తట్టు జ్వరమును, దేహరక్షక కణముల జ్ఞాపకమును

ఇంటిలో బిడ్డకు జ్వరము వచ్చి, కన్నులు ఎఱ్ఱబడి, ముక్కు కారి, దగ్గు పట్టి, నాలుగవ దినమున చెవుల వెనుకనుండి మొగము మీదికిని, మొగమునుండి ఒడలంతటికిని ఎఱ్ఱని దద్దురు దిగినచో, పెద్దలు వెంటనే “తట్టు పోసినది” అని గుర్తింతురు. కొన్ని ప్రాంతములలో దీనిని పొంగు అనియు, మరికొన్ని చోట్ల చిన్నమ్మవారు అనియు పిలుతురు. గుమ్మమునకు వేపమండలు కట్టి, బిడ్డను ఒక మూల పరుండబెట్టి, వారము పది దినములు గడచిన పిమ్మట నీళ్లు పోసి, గండము గడచినదని ఊరడిల్లుదురు.

గండము నిజముగా గడచినదా యన్నదే ఈ పాఠములో మనము విచారింపవలసిన ప్రశ్న. తట్టు తగ్గిన కొన్ని నెలలకు అదే బిడ్డకు న్యుమోనియా వచ్చుట, విరేచనములు పట్టుకొనుట, చెవిలో చీము కారుట మన గ్రామములలో తరతరాలుగా చూచినదే. అప్పటికి తట్టు మాట అందఱును మఱచియుందురు. ఈ కొత్త జబ్బునకు గాలి మారుటయో, దృష్టి తగులుటయో కారణమని చెప్పుకొందురు. కాని ఆ రెండింటికిని నడుమ గట్టి సంబంధము కలదని శాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. ఆ సంబంధము తెలియవలెనన్నచో, వైరస్ సోకినపుడు మన దేహములోని రక్షక కణములు ఎట్లు మారునో, ఎట్లు పెరుగునో, ఏమి నేర్చుకొనునో ముందుగా తెలిసికొనవలెను.

పంచాయతీ సభ్యులకు ఈ వైద్యశాస్త్ర పాఠముతో ఏమి పని యని కొందఱు అడుగవచ్చును. 1992లో ఆమోదము పొందిన 73వ సవరణవలన రాజ్యాంగములో చేరిన పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు సంబంధించిన 29 విషయములను పేర్కొన్నది. ఆరోగ్యము, పారిశుధ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి అందులోనివే. టీకా వేయువారు ఆరోగ్యశాఖవారే అయినను, ఏ యింట ఏ బిడ్డ తప్పిపోయినదో తెలిసినవారు వార్డు సభ్యులే. టీకా ఎందులకు అని ఒక తల్లి అడిగినపుడు “ప్రభుత్వము వేయుమన్నది” అను సమాధానము చాలదు. కారణము చెప్పగలిగిన పెద్ద మాటకే గ్రామములో విలువ.

ఫేరో ద్వీపముల కథ

ఉత్తర సముద్రములలో ఫేరో ద్వీపములని కొన్ని చిన్న దీవులు కలవు. అవి డెన్మార్కు రాజ్యమునకు చెందినవి. 1781లో అచ్చట తట్టు వ్యాపించి అంతరించిన పిమ్మట, 65 సంవత్సరములు ఆ జాడ్యము ఆ దీవులలో కనబడలేదు. 1846లో అది మరల ప్రవేశించినది. అప్పటి జనసంఖ్య ఎనిమిది వేలకు లోపు. అందులో సుమారు 6,000 మంది కొలది నెలలలో మంచము పట్టిరి. అప్పటికి 25 సంవత్సరముల వయస్సుగల పీటర్ లుడ్విగ్ పానుమ్ అను డేనిష్ వైద్యుని ప్రభుత్వము అచ్చటికి పంపినది. ఆయన ఊరూరును తిరిగి, ఎవరికి ఏ దినమున సోకినదో, ఏ దినమున దద్దురు కనబడినదో వ్రాసికొనెను. సోకిన పదుమూడు, పదునాలుగు దినములకు దద్దురు బయటపడునని ఆయన లెక్క తేల్చెను.

పానుమ్ గమనించిన మరియొక విషయము ఇంకను ముఖ్యమైనది. 1781లో చిన్నతనమున తట్టు పోసిన ముదుసలులు కొందఱు 1846 నాటికి జీవించియుండిరి. వారిలో ఒక్కరికైనను రెండవసారి తట్టు రాలేదు. వారి దేహములు ఆ జాడ్యమును 65 సంవత్సరములు జ్ఞాపకముంచుకొన్నవన్నమాట. ఆ జ్ఞాపకము దేహములో ఎచ్చట నుండునో పానుమ్ కాలమున ఎవరికిని తెలియదు. నేడు తెలియును.

రక్షక కణముల పుట్టుక

మన ఎముకలలోని మూలుగలో ప్రతిదినము కోట్లాది రక్తకణములు పుట్టుచుండును. ఎఱ్ఱకణములు ప్రాణవాయువును మోయును. తెల్లకణములు దేహమును కాపాడును. ఈ తెల్లకణములలో రెండు తెగలు కలవు.

మొదటి తెగ ఊరి కావలివారి వంటిది. వచ్చినవాడు ఎవడో పేరు తెలియకపోయినను, పరాయివాడని గ్రహించి అడ్డగించును. సూక్ష్మజీవులను మ్రింగివేయు కణములు ఇందులో చేరినవి. 1882లో రష్యా దేశీయుడైన మెచ్నికాఫ్ సముద్రపు నక్షత్రచేప పిల్లలో ఒక ముల్లు గ్రుచ్చి, దాని చుట్టును కణములు మూగుట చూచి, ఈ కావలిని మొదట గుర్తించెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించినది.

రెండవ తెగకు లింఫోసైటులని పేరు. వీనిలో మూలుగలోనే ఎదుగు కణములను బి-కణములనియు, మూలుగలో పుట్టి రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథికి పోయి అచ్చట శిక్షణ పొందు కణములను టి-కణములనియు అందురు. థైమస్ గ్రంథి నిష్ప్రయోజనమైన అవయవమని చాలకాలము తలచిరి. 1961లో జాక్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు, అప్పుడే పుట్టిన చిట్టెలుకలనుండి ఆ గ్రంథిని తీసివేసినచో అవి రోగములను ఎదిరింపజాలవని చూపి, దాని విలువను లోకమునకు తెలియజేసెను.

ఈ రెండవ తెగలో ఒక విశేషము కలదు. ప్రతి లింఫోసైటునకును దాని పై పొరమీద ఒకేరకపు గుర్తింపు పరికరము ఉండును. ఒక తాళమునకు ఒకే చెవి పట్టినట్లు, ఒక్కొక్క కణము ఒక్కొక్క ఆకారమునే గుర్తింపగలదు. మన దేహములో ఇట్టి కోట్ల రకముల కణములు సిద్ధముగా తిరుగుచుండును. తట్టు వైరస్‌ను గుర్తించు కణములు బిడ్డ దేహములో తట్టు రాకపూర్వమే ఉండును. కాని వాని సంఖ్య బహు స్వల్పము. లక్ష కణములలో ఒకటి కూడ ఉండకపోవచ్చును. ఇంకను ఏ శత్రువును చూడని ఈ కణములను అనుభవము లేని కణములని పిలుతము.

తొలి దినముల పోరు

వైరస్ మనవలె ఆహారము తిని బ్రతుకు జీవి కాదు. అది ఒక కణములో దూరి, ఆ కణపు యంత్రాంగముతోనే తన నకళ్లను తయారు చేయించుకొనును. ఇట్లు పట్టుబడిన కణము చావకముందు ఇరుగుపొరుగు కణములకు హెచ్చరిక పంపును. ఈ హెచ్చరిక పదార్థమును 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనువారు కనుగొని ఇంటర్‌ఫెరాన్ అని పేరిడిరి. హెచ్చరిక అందిన కణములు తలుపులు బిగించుకొనును. జ్వరము, ఒడలునొప్పులు చాలవరకు ఇట్టి హెచ్చరికలవలన కలుగునవే.

ఇంతలో కొన్ని కావలి కణములు వైరస్ తునకలను పట్టుకొని దగ్గరిలోని లింఫు గ్రంథికి చేరును. మెడలోను, చంకలలోను, గజ్జలలోను ఈ గ్రంథులు గుంపులుగా ఉండును. దేహమున పుండు పడినపుడు గజ్జలో బిళ్ల కట్టినదని మనము చెప్పుకొనునది ఈ గ్రంథి వాపునే. తెచ్చిన తునకను కావలి కణము అచ్చట ప్రదర్శించును. దారిన పోవు వేలకొలది లింఫోసైటులు దానిని తడిమి చూచి పోవుచుండును. తాళమునకు తగిన చెవిగల కణము వచ్చినపుడు అది అచ్చట ఆగిపోవును. దేహములోని అసలు మార్పు అప్పుడు ఆరంభమగును.

ఒక కణము వేలకు వేలగుట

ఆగిన టి-కణము మొదట తాను పెద్దదగును. పిమ్మట రెండగును. రెండు నాలుగగును. కొలది గంటల కొక్కసారి చొప్పున ఇట్లు చీలి, వారము దినములలో ఒక కణము వేలాది కణములగును. పెరుగుటతోపాటు వాని స్వభావమును మారును. అంతవరకు గ్రంథులలో నిదానముగా తిరుగు కణము ఇప్పుడు ఆయుధములు ధరించి, రక్తములోనికి దిగి, రోగమున్న చోటికి పోవు యోధుడగును. ఇందులో కొన్ని సహాయక కణములై ఇతర కణములకు ఆదేశము లిచ్చును. కొన్ని సంహారక కణములై వైరస్ దాగిన కణములను వెదకి చంపును.

దాగిన శత్రువును సంహారక కణము ఎట్లు కనిపెట్టును? దీనికి సమాధానము 1970-80 దశకపు తొలి సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా నగరమున పీటర్ డోహర్టీ, రాల్ఫ్ జింకర్‌నాగెల్ అనువారు కనుగొనిరి. మన దేహపు ప్రతి కణమును తన లోపల తయారగుచున్న పదార్థముల తునకలను తన సొంత ముద్రతో జతపరచి పై పొరమీద చూపుచుండును. సొంత ముద్రతోపాటు పరాయి తునక కనబడినచో లోపల శత్రువున్నాడని టి-కణము గ్రహించును. ఈ పరిశోధనకు 1996లో వారిద్దఱికిని నోబెల్ బహుమానము లభించినది.

యోధ కణముల పెరుగుదల ఎంతటిదో లెక్క కట్టిన శాస్త్రజ్ఞులలో మన ప్రాంతముతో సంబంధముగలవారు రఫీ అహ్మద్. ఆయన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అమెరికాకు వెళ్లి, అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున పరిశోధనలు సాగించెను. చిట్టెలుకలకు సోకు ఒక వైరస్‌పై ఆయన బృందము 1998లో ప్రకటించిన పరిశోధనవలన తేలినదేమనగా, వైరస్ సోకిన ఎనిమిదవ దినము నాటికి ఎలుక ప్లీహములోని సంహారక జాతి టి-కణములలో సగమునకు పైగా ఆ ఒక్క వైరస్‌ను గుర్తించునవే. లక్షలో ఒకటిగా నుండినవి వారము దినములలో సగమునకు మించినవి!

తట్టులో కనబడు దద్దురునకు అర్థమిదియే. చర్మపు కణములలో దాగిన వైరస్‌పై టి-కణములు చేయు దాడివలననే ఎఱ్ఱని మచ్చలు లేచును. టి-కణములు సరిగా లేని బిడ్డకు తట్టు సోకినను దద్దురు రాకపోవచ్చును. అట్టి బిడ్డల స్థితి మరింత ప్రమాదకరము.

బి-కణముల పని

అదే సమయమున, అదే గ్రంథిలో, తగిన బి-కణము కూడ వైరస్‌ను గుర్తించి వృద్ధి చెందును. దానికి సహాయక టి-కణము అనుమతి యీయవలెను. ఇట్లు పెరిగిన బి-కణములు ప్రతిరక్షకములను పదార్థములను రక్తములోనికి విడుచును. ఇవి బయట తిరుగు వైరస్‌లకు అతుకుకొని, అవి కొత్త కణములలో దూరకుండ చేయును.

మొదట తయారగు ప్రతిరక్షకములు అంత వాడిగలవి కావు. గ్రంథిలో బి-కణములు చీలునప్పుడు వాని గుర్తింపు పరికరములో చిన్న చిన్న మార్పులు కలుగుచుండును. బాగుగ పట్టుకొనగల కణము నిలుచును; పట్టుకొనలేనిది నశించును. రైతు ప్రతి పంటలోను మేలైన కంకులను ఏరి విత్తనమునకు ఉంచినట్లే, గ్రంథిలో వారముల తరబడి ఈ ఏరివేత సాగును. అందువలన నెల గడచిన తరువాతి ప్రతిరక్షకములు మొదటివారపు వానికంటె మిక్కిలి గట్టివి.

పోరు ముగిసిన పిదప

వైరస్ నశించిన పిమ్మట ఇంత సైన్యముతో దేహమునకు పని లేదు. యోధ కణములలో నూటికి తొంబదికి పైగా కొలది వారములలో తమంతట తామే నశించును. మిగిలిన కొలదిపాటి కణములు మరియొక రూపము దాల్చును. ఇవియే జ్ఞాపక కణములు. ఇవి ఆహారము తక్కువగా తీసికొనుచు, నెమ్మదిగా చీలుచు, సంవత్సరముల తరబడి నిలుచును. అదే శత్రువు మరల వచ్చినచో వారము దినములు ఆగనక్కరలేదు. గంటలలోనే మేల్కొని పోరాడును. కొన్ని బి-కణములు ప్రతిరక్షకములను తయారు చేయు కర్మాగారములుగా మారి, మూలుగలో స్థిరపడి, దశాబ్దములపాటు పనిచేయుచుండును. ఫేరో ద్వీపముల ముదుసలులను కాపాడినవి ఇట్టి కణములే.

ఈ జ్ఞాపక కణములు మొదటినుండియు వేరుగా నుండినవా, లేక యుద్ధము చేసినవారిలోనుండియే మిగిలినవా యని చాలకాలము చర్చ జరిగినది. ఎమొరీ విశ్వవిద్యాలయమువారు మరికొందఱితో కలసి 2017లో దీనికి ఒక సమాధానము చూపిరి. పచ్చజ్వరపు టీకా పొందినవారు కొందఱు భారజలమును త్రాగిరి. ఆ దినములలో పుట్టిన కణములకు ఆ జలపు గుర్తు అంటుకొన్నది. చాలకాలము తరువాత పరీక్షింపగా, టీకా తరువాతి తొలి రెండు వారములలో వేగముగా చీలిన కణములే జ్ఞాపక కణములుగా నిలిచియున్నట్లు కనబడినది. ఒకప్పుడు యుద్ధము చేసిన గుర్తులు వానియందు చెరగలేదు.

అన్ని వైరస్‌లును ఇట్లు తొలగిపోవు. హెపటైటిస్-బి వంటివి కొందఱి దేహములలో తిష్ఠ వేసికొనును. అప్పుడు యోధ కణములు విరామము లేక పోరాడి అలసిపోవును. వాని పై పొరమీద పనిని ఆపుచేయు ఒక మీట బిగిసికొనును. ఆ మీటను అడ్డుకొన్నచో కణములు మరల కొంత శక్తి పొందునని రఫీ అహ్మద్ బృందము 2006లో ఎలుకలయందు చూపినది.

తట్టు చేయు విశేష నష్టము

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వత్తము. జ్ఞాపక కణములు రైతు ఇంటిలోని విత్తనపు గాదె వంటివి. బిడ్డ పుట్టినది మొదలు తగిలిన ప్రతి జలుబు, ప్రతి విరేచనము, వేయించిన ప్రతి టీకా ఆ గాదెలో కొన్ని గింజలు చేర్చును. సాధారణముగా జ్వరములు ఆ యేటి పంటకు నష్టము కలిగించి పోవును. తట్టు గాదెను కూడ కొల్లగొట్టును.

కారణమేమనగా, తట్టు వైరస్ లోనికి ప్రవేశించుటకు పట్టుకొను కొక్కెము రక్షక కణముల మీదనే, అందును జ్ఞాపక కణముల మీద ఎక్కువగా ఉండును. ఊపిరితో లోనికి వచ్చిన వైరస్ కావలి కణములనే వాహనముగా చేసికొని లింఫు గ్రంథులకు చేరి, అచ్చటి జ్ఞాపక కణములలో దూరును. పిమ్మట మేల్కొన్న యోధ కణములు వైరస్ దాగిన కణములను చంపును. అట్లు చచ్చిన వానిలో ఇతర రోగములను గుర్తుంచుకొన్న కణములు అనేకములు. కొలది వారములలో కణముల మొత్తము సంఖ్య మామూలు స్థితికి వచ్చును. కాని కొత్తగా నిండిన వానిలో ఎక్కువ భాగము తట్టును మాత్రమే ఎఱుగును. గాదె నిండియే కనబడును; లోపలి విత్తనములు మారిపోయినవి.

దీని ఛాయను 1908లోనే వియన్నాలో వాన్ పిర్కే అను శిశువైద్యుడు చూచెను. క్షయ సోకిన బిడ్డల చర్మముపై ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేసినచో చర్మము ఉబ్బవలెను. తట్టు వచ్చిన దినములలో అదే బిడ్డలకు ఆ పరీక్ష ఫలించుట లేదని ఆయన కనుగొనెను. 2015లో శాస్త్రజ్ఞులు ఇంగ్లండు, వేల్సు, అమెరికా, డెన్మార్కు దేశముల మరణ లెక్కలను పరిశీలించి, తట్టు వ్యాపించిన తరువాత సుమారు రెండు మూడు సంవత్సరముల వరకు ఇతర అంటురోగములవలని శిశుమరణములు అధికముగా నుండెనని తెలిపిరి. 2019లో నెదర్లాండ్సు దేశమున టీకా వేయించుకొనని 77 మంది బిడ్డల రక్తమును తట్టుకు ముందును, తరువాతను పరీక్షించిరి. వారికి అంతకు పూర్వముండిన ప్రతిరక్షకములలో నూటికి 11 మొదలు 73 వరకు నశించినట్లు తేలినది. తట్టు టీకా పొందిన బిడ్డలలో ఇట్టి నష్టము కనబడలేదు.

కావున తట్టు తగ్గిన బిడ్డ, అంతకు పూర్వము తాను జయించిన రోగములను మరల జయింపవలసిన స్థితికి వచ్చును. గండము గడచినదని మనము తలచు దినముననే మరియొక గండము ఆరంభమగుచున్నది.

టీకా చేయు మేలు

1954లో అమెరికాలో ఎండర్స్, పీబుల్సు అనువారు తట్టు వైరస్‌ను ప్రయోగశాలలో పెంచిరి. 1963లో టీకా వాడుకలోనికి వచ్చినది. అంతకు పూర్వము ప్రపంచమున ఏటేట సుమారు 26 లక్షలమంది తట్టువలన మరణించుచుండిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశమున 1985లో తట్టు టీకా సార్వత్రిక టీకా కార్యక్రమములో చేరినది. 2010లో రెండవ మోతాదు ఆరంభమైనది. 2017 నుండి తట్టు, రుబెల్లా రెండింటికిని కలిపిన టీకా వేయుచున్నారు.

టీకాలో నున్నది బలహీనపరచిన వైరస్. దానిని చూచి బిడ్డ దేహములోని టి-కణములు, బి-కణములు మనము పైన చెప్పుకొన్న మార్పులన్నియు పొందును. ఎంచి, పెరిగి, పోరాడి, జ్ఞాపకముంచుకొనును. కాని గాదె కొల్లపోదు. పాఠము నేర్చుకొనుటకు బిడ్డ ప్రాణమును పణము పెట్టనక్కరలేదు.

మొదటి మోతాదు 9 నెలలు నిండిన పిమ్మట, 12 నెలల లోపల వేయుదురు. అంతకు ముందు తల్లి గర్భమున నుండగా బిడ్డకు లభించిన ప్రతిరక్షకములు టీకా వైరస్‌ను అణచివేయును, పాఠము ఒంటబట్టదు. రెండవ మోతాదు 16 మొదలు 24 నెలల నడుమ వేయుదురు. “ఒకసారి వేసితిమి గదా, మరల ఎందులకు?” అని తల్లులు అడుగుదురు. ఒక లెక్క చెప్పుదము. ఒక గ్రామములో 100 మంది బిడ్డలున్నారనుకొందము. అందఱికిని 9వ నెలలో ఒక మోతాదు వేసినను, సుమారు 85 మందికి మాత్రమే రక్షణ ఏర్పడును. తక్కిన 15 మందికి టీకా పడినను పట్టలేదు. ఆ 15 మంది ఎవరో చూచి చెప్పుట సాధ్యము కాదు. అందఱికిని రెండవ మోతాదు వేసినచో వారిలో అత్యధికులకు రక్షణ కలుగును.

తట్టు గాలిద్వారా వ్యాపించును. రోగి గది విడిచిపోయిన రెండు గంటల వరకు ఆ గాలిలో వైరస్ నిలువగలదు. రక్షణ లేని పదిమంది రోగి దగ్గర మసలినచో తొమ్మండుగురికి సోకును. దద్దురు కనబడుటకు నాలుగు దినములు ముందునుండియే రోగి దానిని ఇతరులకు అంటించుచుండును. అందుచేత నూటికి 95 మందికి తక్కువ కాకుండ రెండు మోతాదులును అందిననేగాని గ్రామమునకు కంచె ఏర్పడదు. ఇంకను 9 నెలలు నిండని పసికందులను, జబ్బువలన టీకా వేయరాని బిడ్డలను కాపాడునది ఆ కంచెయే.

తట్టు వైరస్ మనుష్యులలోనే వసించును. పశుపక్ష్యాదులలో దానికి నివాసము లేదు. దానికి దగ్గరి బంధువైన రిండర్‌పెస్టు అను పశువుల మహమ్మారి 2011లో ప్రపంచమునుండి తొలగిపోయినట్లు ప్రకటన వెలువడినది. మశూచి 1980 నాటికే అట్లు తొలగినది. కావున తట్టును రూపుమాపుట అసాధ్యము కాదు.

పంచాయతీ కర్తవ్యము

మా ఉద్దేశములో పంచాయతీలు చేయదగిన పనులు ఇవి.

ఒకటి: ప్రతి వార్డులోను అయిదేండ్ల లోపు బిడ్డల పట్టికను ఆశా కార్యకర్తతోను, అంగన్‌వాడీ కార్యకర్తతోను కలసి సరిచూడవలెను. రెండవ మోతాదు గడిని ప్రత్యేకముగా పరిశీలింపవలెను. మొదటి మోతాదు వేయించి రెండవది మఱచిన ఇండ్లు ఉండును. వేళ తప్పినను, అయిదేండ్ల లోపు వేయింపవచ్చును.

రెండు: పట్టికకు ఎక్కనివారిని వెదకవలెను. ఇటుక బట్టీలకు, మిరప కోతలకు, పత్తి తీతలకు వచ్చిన కూలి కుటుంబములు, ఊరికి దూరముననున్న తండాలు, గూడెములు, కాన్పునకు పుట్టింటికి వచ్చిన తల్లులు తరచుగా లెక్కలోనికి రారు. వైరస్ వారిని తప్పక లెక్కించును.

మూడు: టీకా దినమున నీడయు, మంచినీళ్లును, కూర్చుండు వసతియు ఏర్పరుపవలెను. ఈ టీకా మందు చల్లని పెట్టెలో 2 నుండి 8 డిగ్రీల నడుమ ఉండవలెను. పొడిని ద్రవముతో కలిపిన నాలుగు గంటలలో వాడి, మిగిలినది పారవేయవలెను. “సాయంత్రము పొలమునుండి వచ్చువరకు ఉంచండి” అని నర్సును ఒత్తిడి చేయరాదు. దానికి బదులు తల్లులకు ముందుదినముననే చాటింపు వేయింపవలెను.

నాలుగు: జ్వరముతో దద్దురు కనబడిన ప్రతి బిడ్డను గుఱించి అదే దినమున ఆరోగ్య కార్యకర్తకు తెలుపవలెను. దద్దురు లేచిన తరువాత నాలుగు దినముల వరకు బిడ్డను బడికిని, జాతరకును పంపరాదు. వేపమండలు కట్టుటవలన హాని లేదు; ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోకుండుటవలననే హాని. తల్లిపాలు మానిపింపరాదు, పథ్యమని బిడ్డను పస్తు పెట్టరాదు. తట్టు వచ్చిన బిడ్డకు వైద్యుడు వయస్సునుబట్టి రెండు దినములు వరుసగా విటమిన్-ఏ ఇప్పించును. దానివలన కంటిచూపును, ప్రాణమును దక్కును. ఎగశ్వాస, విడువని విరేచనములు, మగత కనబడినచో క్షణమైనను ఆగరాదు.

అయిదు: తట్టు తగ్గిన బిడ్డను రెండు మూడు సంవత్సరములు కనిపెట్టియుండవలెను. దగ్గు, విరేచనము వంటివి వచ్చినపుడు తేలికగా తీసికొనక త్వరగా వైద్యము చేయింపవలెను. అంగన్‌వాడీ ఆహారము క్రమముగా అందునట్లు చూడవలెను.

ఇందులో ఏ ఒక్క పనికిని పెద్ద వ్యయము లేదు. కావలసినది ఇల్లిల్లును ఎఱిగిన పెద్దల శ్రద్ధ. మన తాతల కాలమున మశూచి ఊళ్లను ఖాళీ చేసినది. 1975 తరువాత మన దేశమున అది లేదు. నాడు టీకా సిబ్బందికి ఇంటింటికి దారి చూపిన గ్రామ పెద్దలే నేడు మీ రూపమున ఉన్నారు. వచ్చు సమావేశపు కార్యక్రమములో బిడ్డల టీకా పట్టికను ఒక అంశముగా చేర్చి, తప్పిపోయిన పేర్లను సభలో చదివింపుడని కోరుచున్నాము. అందులో ఒక్క పేరు తగ్గినను, ఒక బిడ్డ దేహములోని గాదె భద్రముగా నిలిచినట్లే.

చర్చకు ప్రశ్నలు

1. 1781లో తట్టు పోసిన ఫేరో ముదుసలులకు 1846లో ఆ జాడ్యము రాకపోవుటకు కారణమేమి?

2. వైరస్ సోకిన తరువాత టి-కణము పొందు మూడు దశలను మీ మాటలలో చెప్పుడు.

3. తట్టు తగ్గిన బిడ్డకు ఇతర రోగములు సులభముగా వచ్చుటకు కారణమేమి?

4. మొదటి మోతాదు పొందిన బిడ్డకు రెండవది ఎందులకని అడిగిన తల్లికి మీరు ఏమని బదులు చెప్పుదురు?

5. మీ వార్డులో రెండవ మోతాదు పొందని బిడ్డలు ఎందఱు? వారి పేర్లు మీకు తెలియునా?